తెరకు అవతలి కుర్చీ

ఆ వీధిలో అతన్ని అందరూ ఉష్ మేస్త్రీ అనేవారు. గడప దాటి వచ్చింది ఎవరైనా సరే, ముందు పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అనేవాడు. రండి, కూర్చోండి, ఏం కావాలి లాంటి మర్యాదలన్నీ ఆ తరవాతే. కొత్తవాళ్లు లోపల ఎవరో పసిపిల్ల పడుకుని ఉందనుకుని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. లోపల పసిపిల్లలెవరూ లేరు, ఆ దంపతులకు పిల్లలు కలగలేదు. బల్ల మీద ఒక కంప్యూటరు నడుస్తూ ఉండేది, అంతే. అది నడుస్తోందన్న సంగతి వచ్చినవాళ్లకు తెలియకపోతే మేస్త్రీ ముఖం వెలిగిపోయేది.

ఇళ్లలో వాడుకోవడానికి చప్పుడు చేయని కంప్యూటర్లు కట్టివ్వడం అతని పని. లోకమంతా ఎంత వేగం, ఎంత గొప్ప అని అడుగుతున్న రోజుల్లో అతను మాత్రం ఎంత తింటుంది, ఎంత కాగుతుంది, ఎంత అరుస్తుంది అని అడిగేవాడు. "కరెంటు తక్కువ తాగేదాన్ని తెచ్చుకుంటే తక్కువ కాగుతుంది. తక్కువ కాగితే గాలి తక్కువ చాలు. గాలి తగ్గితే గోల తగ్గుతుంది. ఇంతేనండీ, ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు," అనేవాడు. చెప్పినంత తేలికేమీ కాదది. చిన్న ఫ్యాను తీసేసి అరచేయంత వెడల్పు ఫ్యాను పెట్టి, దానికి అందాల్సిన పన్నెండు వోల్టులకు బదులు ఐదే ఇచ్చి, ఎండలో నడిచే ముసలాయనలా నెమ్మదిగా తిప్పించేవాడు. వేడిని లాగడానికి అల్యూమినియం రెక్కల దిమ్మను చేత్తో అరగదీసి, అద్దంలా నున్నగా చేసి కూర్చోబెట్టేవాడు. మరమేకుకీ రేకుకీ మధ్య సైకిలు ట్యూబు ముక్కలు పెట్టేవాడు. లోపల గిర్రున తిరిగే హార్డు డిస్కు రేకుకు తగిలితే పెట్టంతా మోగుతుంది కనుక దాన్ని ఎలాస్టిక్‌తో ఉయ్యాలలా వేలాడదీసేవాడు. ఆ ఎలాస్టిక్‌ను కింది అంతస్తులో ఉన్న దర్జీ దగ్గర కొనేవాడు.

"ఏం మేస్త్రీగారూ, మీ కంప్యూటర్లకు కూడా లాగులు జారిపోతున్నాయా?" అనేవాడు దర్జీ ప్రతిసారీ.

"నువ్వు కుట్టినవైతే జారవూ మరి?" అనేవాడు మేస్త్రీ.

ఇందులో ఒక విచిత్రం ఉంది. చప్పుడు అంతు చూస్తానని బయల్దేరిన ఈ మనిషికి చప్పుడు సగమే వినపడేది. చిన్నతనంలో రేకుల షెడ్డులో పనికి కుదిరి, రోజంతా సుత్తి దెబ్బల మధ్య పెరిగాడు. డబ్బాలు వంచడం, అంచులు మడవడం, చేతికి మచ్చ పడకుండా రేకు కోయడం అక్కడే వచ్చాయి. చెవులు పోవడం మొదలైందీ అక్కడే. మాటలు వినపడతాయి, లారీ వినపడుతుంది, ఫ్యాను గుర్రుమంటే వినపడుతుంది. దోమ, ఈల, సన్నటి కీచు మాత్రం అతని వరకూ రావు.

ఆ లోటు భార్య తీర్చింది. ఆమె చెవులు అలాంటి ఇలాంటివి కావు. మూడిళ్ల అవతల ఎవరైనా గ్లాసు కింద పెడితే ఈవిడ ఇక్కడ ఉలిక్కిపడేది. ట్యూబులైటు మూలుగు భరించలేక దీపం ఆర్పేసి కూర్చునేది. పెళ్లయిన కొత్తలో ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీకి చిరునామాలు కంప్యూటరులో ఎక్కించే పని చేసేది. సాయంత్రమయ్యేసరికి తలకు గుడ్డ బిగించి కట్టుకుని గోడకు ఆనుకుని ఉండేది. "ఏమైంది?" అంటే, "ఈ డబ్బా నా బుర్రలో బొంగరం తిప్పుతోందండీ," అనేది. మేస్త్రీకి ఆ చప్పుడేమిటో సరిగ్గా తెలియలేదు. తెలియకపోయినా ఆ డబ్బా విప్పాడు. అలా మొదలైంది. మొదటి నిశ్శబ్దపు కంప్యూటరు కట్టింది ఆమె తలనొప్పి కోసం, తరవాతివన్నీ అది చూసి అడిగినవాళ్ల కోసం.

వాళ్ల ఇల్లంటే రెండు గదులు. ముందుది దుకాణం, వెనకది ఇల్లు. మధ్యలో తలుపు లేదు, దళసరి గుడ్డ తెర. మిషను పూర్తయ్యాక దాన్ని తెరకు ఇవతల బల్ల మీద పెట్టేవాడు. తెరకు అవతల, బల్లకు వీపు పెట్టి, కుర్చీలో ఆమె కూర్చునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, దర్జీ కూడా మిషను ఆపి కునుకు తీసే వేళ, పరీక్ష. మాటతో అడిగితే ఆమె చెవి చెదురుతుందని మేస్త్రీ ఒక ఏర్పాటు చేశాడు. ఆమె పాత లంగా నాడా ఒకటి తెర కింద నుంచి లాగి, ఒక కొస కుర్చీ చేతికి కట్టాడు, రెండో కొస తన బల్లకు. ఒక్కోసారి మిషను వేసి, ఒక్కోసారి వేయకుండా నాడా లాగేవాడు. నడుస్తోందో లేదో ఆమె చెప్పాలి. వేసి ఉండగా ఆమె లేదన్నదంటే మిషను పాసు.

మొదటి సంవత్సరాల్లో పాసు అన్నదే లేదు. "నడుస్తోంది. కుడివైపు, పైది. కొంచెం ఒరుసుకుంటోంది," అని వీపు తిప్పకుండానే చెప్పేది. విప్పి చూస్తే అదే. "ఇది ఫ్యాను కాదండీ, కరెంటు పెట్టె లోపల తీగచుట్ట ఈల వేస్తోంది," అనేది. కరెంటు పెట్టె మార్చితే ఈల పోయేది. మేస్త్రీ విసుక్కునేవాడు కాదు. పది రోజుల పని పోయినా సరే, "నీ చెవులు పాడుగాను, మళ్లీ పట్టేశావే!" అని మురిసిపోయేవాడు. ఆమె నవ్వేది. ఆ ఇంట్లో అంతకు మించిన సరసం ఉన్నట్టు ఎవరూ చెప్పుకోగా వినలేదు. ఇద్దరూ తక్కువ మాట్లాడే మనుషులు. ఆవిడకు శబ్దం పడదు కనుక అతను సైగలతోనే గడిపేవాడు.

కాలం గడిచేకొద్దీ మిషన్లు మెరుగుపడ్డాయి. రెండు మూడు సార్లు విప్పితే పాసయ్యేవి. తరవాత ఒక్కసారికే. చివరికి ఏది పెట్టినా, నాడా లాగగానే, "లేదండీ. పాసు," అని వినపడేది. మేస్త్రీకి గర్వం వచ్చింది. రాదూ మరి! జన్మంతా చేసిన పని పండినట్టుంది. పైగా భార్యలో కూడా మార్పు కనపడింది. ఇదివరకులా ఉలిక్కిపడటం లేదు. తలకు గుడ్డ కట్టుకోవడం మానేసింది. పక్కింటివాళ్లు గోడకు మేకులు కొడుతున్నా స్థిమితంగా బట్టలు మడతపెట్టుకుంటోంది. వయసుతో పాటు మనిషికి శాంతం వచ్చింది, పోనీలే, ఇన్నాళ్లకు సుఖపడుతోంది అనుకున్నాడు.

ఆమె తమ్ముడు నీళ్ల పంపులు బాగుచేసేవాడు. ఊరంతటికీ వినపడే గొంతు. మెట్ల కింద నుంచే కేకేసుకుంటూ వచ్చేవాడు.

"అక్కా! కింద నుంచి పిలుస్తున్నా, పలకవేంటే? చెవుడా ఏంటి?" అన్నాడు ఒకరోజు గదిలోకి వచ్చి ఎదురుగా నిలబడి.

"వినపడింది. నీకు జవాబు ఎందుకని ఊరుకున్నా," అంది ఆమె తొణక్కుండా.

మేస్త్రీ పకపకా నవ్వాడు. బావమరిది మీద భార్య గెలిస్తే అతనికి మహా సరదా. ఆ నవ్వులో అసలు మాట కొట్టుకుపోయింది.

అప్పటికే దుకాణానికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. జనం ఫోన్లలో పడ్డారు. కంప్యూటరు కావాలన్నవాళ్లు పలకలా మడిచిపెట్టుకునేవి కొనుక్కుంటున్నారు. మిగిలింది ఒక్క ఖాతాదారు, అంధుల కోసం పుస్తకాలు చదివి ఇంట్లోనే రికార్డు చేసే ఆవిడ. ఆవిడ గొంతు వెనక ఫ్యాను మోగితే, ఇక ఆ పుస్తకమంతటా అదే మోగుతుంది. పాత మిషను పాడైందని, కొత్తది కట్టివ్వమని అడిగింది. మేస్త్రీ తన చేతనైనంతా దాని మీద పెట్టాడు. గోడ ప్లగ్గుకు మీటరు పెట్టి చూస్తే ఒక మామూలు బల్బు తినేంత కరెంటు కూడా తినడం లేదు. చేత్తో తాకితే పెట్టె చల్లగా ఉంది. నాడా లాగాడు. పాసు.

వారం తిరక్కుండా ఆవిడ మిషనుతో మెట్లెక్కింది.

"తప్పుగా అనుకోకండి మేస్త్రీగారూ. సన్నగా ఒక కూత వస్తోంది, దోమలాగా."

"దోమేనేమోనమ్మా?"

"దోమైతే కొట్టేదాన్ని కదండీ."

మేస్త్రీ చెవి పెట్టాడు. ఏమీ లేదు. విప్పి, ఫ్యాను మార్చి, మరలన్నీ మళ్లీ బిగించి, మధ్యాహ్నం నాడా లాగాడు. "లేదండీ. పాసు." పంపించాడు. ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి వెంట రికార్డు చేసింది తెచ్చింది. "నా మాట నమ్మొద్దు, మీరే వినండి," అని చెవులకు పెట్టుకునేవి అతని తలకు తగిలించి, శబ్దం పూర్తిగా పెంచి, ఆ సన్నటి కూతను అతని చెవికి అందే లావు స్వరంలోకి దింపి వినిపించింది. అప్పుడు వినపడింది. ఆవిడ చదువుతున్న మాటల వెనక, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య, తెగకుండా ఒక సన్నటి దారం. తీగచుట్ట ఈల.

ఆవిడ వెళ్లాక మేస్త్రీ చాలాసేపు మిషను ముందు కూర్చున్నాడు. ఆ ఈలను తన భార్య పట్టుకోలేకపోవడమేమిటి? ఒకప్పుడైతే మెట్ల మీద ఉండగానే పట్టేసేది. ముందు చదివే ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. మరీ సుకుమారం చెవులు అనుకున్నాడు. ఆ మాట తను భార్య గురించి అందరితో గొప్పగా చెప్పుకున్న మాటే. కోపం నిలవలేదు.

బల్ల కింద బావమరిది పాత కంప్యూటరు పడి ఉంది, బాగుచేయమని పడేసిపోయింది. దానికి గురక డబ్బా అని పేరు. వేస్తే కింద దర్జీ పైకప్పుకేసి కర్రతో పొడుస్తాడు. మరునాడు మధ్యాహ్నం భార్య వచ్చి కుర్చీలో కూర్చుంది. మేస్త్రీ గురక డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టాడు. బల్ల అదురు నేల మీదుగా ఆమె పాదాలకు తెలియకుండా బల్ల కాళ్ల కింద గోనెపట్టాలు మడిచి వేశాడు. ఎందుకు వేస్తున్నాడో తనకు తెలుసు. తెలిసే వేశాడు. మీట నొక్కాడు. గది గర్రుమంది. సగం చెవులున్న తనకే ఒళ్లు జలదరించింది. నాడా లాగాడు.

తెర అవతల నుంచి కొంచెం ఆగి, ఎప్పటిలాగే, "లేదండీ. పాసు," అంది.

మళ్లీ లాగాడు.

"చెప్తున్నానుగా. అస్సలు చప్పుడే లేదు. భలే కట్టారు ఈసారి."

కింద నుంచి దర్జీ కర్ర టకటకా తగిలింది. మేస్త్రీ లేచి తెర పక్కకు తీశాడు. ఆమె వెనక్కు తిరిగి ముందు అతని ముఖం చూసింది, తరవాత మిషను నడుస్తోందని వెలుగుతున్న చిన్న దీపం, తరవాత ఆ డబ్బా. తమ్ముడి డబ్బాను గుర్తుపట్టకపోవడానికి లేదు. ఒడిలో ఉన్న చేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

అతను మీట ఆపి, ఆమె ఎదుట నేల మీద కూర్చుని, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు. "ఎప్పట్నుంచి?"

ఆమె అతని పెదవులు చూసింది. ఎన్నాళ్లుగానో అలాగే చూస్తోందని, తను దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయానని మేస్త్రీకి అప్పుడు తట్టింది.

"మొదట్లో నాకూ తెలియలేదండీ. మీ పనితనం పెరిగిందనుకున్నా. ఒక్కో మిషనూ వస్తోంది, ముందుదాని కంటే నెమ్మదిగా ఉంటోంది. మా ఆయన గెలిచాడు అనుకున్నా. ఎంత సంబరపడ్డానో."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"పంపు కట్టేయడం మరిచిపోయా. వంటింట్లో నీళ్లు పారి పాదాలు తడిసేదాకా తెలియలేదు. తిరిగి చూస్తే ధారగా పడుతున్నాయి. చప్పుడు లేకుండా, బొమ్మలో నీళ్లలాగా."

"చెప్పొచ్చుగా నాతో!"

"ఎలా చెప్పను? అప్పుడు మీరిక్కడ మిషను పాసయిందని పాట పాడుకుంటున్నారు. పాడుతున్నారని పెదాలు చూసి తెలుసుకున్నా." ఆమె కుర్చీ చేతికి కట్టిన ముడిని వేలితో రాసింది. "ఇందులోంచి లేపేస్తే ఈ ఇంట్లో ఇంకెక్కడ కూర్చోను నేను?"

ఇన్నాళ్లూ తను కట్టింది నిశ్శబ్దమనుకున్నాడు మేస్త్రీ. తనకంటే ముందు ఆ పని ఆమె చెవులు చేసిపెట్టాయి. అమ్మిన మిషన్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎవరెవరి ఇళ్లలో ఏ మూల ఈల వేస్తున్నాయో. కొన్నవాళ్లు మొహమాటపడి ఊరుకున్నారో, లేక ఉష్ మేస్త్రీ కట్టింది కదా, లోపం తమ చెవిలోనే ఉందనుకున్నారో.

"మన ఇద్దరికీ కలిపి పనికొచ్చే చెవులు నీ రెండే," అన్నాడు చివరికి. "అవీ పోయాయి."

"ఏంటీ?" అంది ఆమె. అతను తల వంచుకుని అన్నాడు, పెదవులు కనపడలేదు. మళ్లీ చెప్పలేదు.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇది తిరిగొచ్చేది కాదన్నాడాయన. చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చాడు. ఇంటికి వచ్చి పెట్టుకున్న కాసేపటికే ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. పాత రోజుల్లోలా గోడకు ఆనుకుని కూర్చుంది.

"అన్నీ ఒకేసారి అరుస్తున్నాయండీ. మీ గొంతు మాత్రం వాటిలో దొరకట్లేదు. దీని లోపల కూడా ఏదో బుస్సుమంటోంది. దీన్ని విప్పి సైకిలు ట్యూబు పెట్టలేరూ?"

హాస్యానికే అంది. మేస్త్రీ మాత్రం దాన్ని అరచేతిలోకి తీసుకుని, భూతద్దం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. చింతగింజంత వస్తువు. మర కూడా లేదు విప్పడానికి. దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాను సొరుగులో పెట్టేశారు.

చదివే ఆవిడ మిషను ఇంకా బల్ల మీదే ఉంది. కరెంటు పెట్టె మార్చాడు. మార్చినదానికి ఈల ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. బావమరిదిని కూర్చోబెట్టి చూశాడు.

"వినపడుతోందా?"

"ఏం వినపడాలి బావా? నా కడుపులో ఆకలి వినపడుతోంది."

రోజంతా పంపుల మధ్య బతికేవాడి చెవులు అంతకంటే ఎక్కువ ఏం చెప్తాయి. దర్జీని పిలుద్దామనుకున్నాడు. కుట్టుమిషను మీద తలవంచి ముసలైనవాడు. ఆ వీధి వీధంతా ఏదో ఒక చప్పుడు చేసుకుని బతికేవాళ్లే. మిషను ఆవిడకు పంపలేదు. పంపి, ఆవిడ మూడోసారి మొహమాటపడుతూ మెట్లెక్కుతుంటే చూడలేననిపించింది.

పంపకపోయినా ఆవిడ వచ్చింది. సంచిలోంచి ఒక పలచటి కంప్యూటరు తీసి బల్ల మీద పెట్టింది, పళ్లెమంత ఉంది. మూత తెరిచి వెలిగించింది. ఎలా చెప్పాలో తెలియక, "మా అల్లుడు కొనిపెట్టాడు మేస్త్రీగారూ. మీకు చెప్పకుండా ఎలా అని..." అంది.

మేస్త్రీ దాన్ని పైకెత్తి, తిప్పి, అడుగున వేలితో తడిమి చూశాడు. గాలి పోయే రంధ్రం ఒక్కటీ లేదు. చెవికి ఆనించుకున్నాడు. గోరువెచ్చగా తగిలింది.

"ఫ్యానెక్కడమ్మా దీనికి?"

"లేదటండీ. అసలు తిరిగేదంటూ లోపల ఏదీ లేదట."

"రికార్డులో?"

"ఏమీ రావట్లేదు." తల వంచుకుని చెప్పింది, తనేదో దొంగతనం చేసినట్టు.

మేస్త్రీ చాలాసేపు దాన్ని చేతిలోంచి దించలేదు. తన చెవులు సరిగ్గా ఉన్నా, భార్య చెవులు సరిగ్గా ఉన్నా, తమను ఇక ఎవరూ పిలవాల్సిన పని లేదని దాని తేలికదనమే చెప్తోంది. "మంచి వస్తువమ్మా. వాడుకోండి," అని తిరిగి ఇచ్చాడు. ఆవిడ మెట్లు దిగేదాకా గడపలో నిలబడ్డాడు. ఆ రోజు వచ్చినప్పుడు ఆవిడను ఉష్ అనలేదని తరవాత గుర్తొచ్చింది.

మర్నాడు ఆవిడ కోసం కట్టిన మిషను విప్పాడు. ఫ్యాను ఒకపక్క, రెక్కల దిమ్మ ఒకపక్క, మరలు మూతలో, ట్యూబు ముక్కలు ఇంకో మూతలో. హార్డు డిస్కు ఉయ్యాల కోసి ఎలాస్టిక్ చుట్ట చుట్టాడు, దర్జీకి ఇచ్చేద్దామని. ఖాళీ రేకు పెట్టె ఒక్కటే బల్ల మీద మిగిలింది. దాని అంచులు తను మడిచినవే. చేతికి మచ్చ పడకుండా మడిచిన అంచులు.

మధ్యాహ్నమైంది. కింద కుట్టుమిషను ఆగింది. తెర అవతల కుర్చీ జరిగింది. అలవాటు కొద్దీ వచ్చి కూర్చుందని మేస్త్రీకి తెలిసింది. బల్లకు కట్టిన నాడాకేసి చూశాడు గానీ లాగలేదు. లాగి ఏమని అడగాలి? అలాగే స్టూలు మీద కూర్చున్నాడు, చేతిలో ఒక మర పట్టుకుని.

కొంతసేపటికి నాడా కదిలింది. అటు నుంచి. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ లాగలేదు. మెల్లగా, ఒకసారి లాగి వదిలింది.

జవాబు చెప్పాలంటే తెర దాటాలి. మేస్త్రీ లేచి, తెర కొంచెమే తొలగించి, వెనక బల్ల కనపడకుండా ఒళ్లు అడ్డం పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"నడుస్తోందా?" అంది ఆమె.

నడుస్తోందన్నట్టు తల ఊపాడు.

ఆమె కళ్లు మూసుకుని, మెడ కొంచెం పక్కకు వంచి, పాత రోజుల్లో విన్నట్టే విన్నది.

"అస్సలు తెలియట్లేదండీ," అంది.

మేస్త్రీ మళ్లీ తల ఊపాడు. ఆమె కళ్లు తెరవలేదు.